జీఎస్టీ కోర్సుకు చర్చా గ్రూపుల నుంచి విద్యార్థులు రావాలంటే

విజయవాడ వన్‌టౌన్‌లోని టోకు దుకాణాల్లోనూ, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లలోనూ లెక్కలు రాసే గుమాస్తాల కోసం ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్, జీఎస్టీ రిటర్నులు నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఒకటి మీరు తయారు చేశారనుకుందాం. నేర్చుకోవలసిన వారంతా ఇప్పటికే అకౌంటెంట్ల టెలిగ్రామ్ గ్రూపుల్లోనో, వ్యాపారుల వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లోనో ఉన్నారు. వారి దృష్టికి కోర్సును తీసుకువెళ్లే మార్గం ప్రకటన అతికించడం కాదు, అక్కడ అడిగిన ప్రశ్నకు కోర్సు కొనకపోయినా పని జరిగేటంత పూర్తిగా సమాధానం చెప్పడం.

ఇంటర్ ఫలితాలు రాగానే పత్రికల నిండా ర్యాంకుల ఫోటోలు చూస్తూ పెరిగిన ప్రాంతం మనది కాబట్టి, ‘నూటికి నూరు శాతం ఉద్యోగం’ అన్న మాట ఇక్కడ ఎవరినీ ఆకట్టుకోదు. పైగా కోచింగ్ రంగంలోని ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు, ఉద్యోగం గ్యారంటీ వంటి తప్పుదోవ పట్టించే హామీలను నిషేధించాయి. విద్యార్థి పేరు, ఫోటో వాడుకోవాలంటే అతను విజయం సాధించిన తర్వాతే అతని రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని కూడా అవి చెబుతున్నాయి. మీ కోర్సు ఎంత చిన్నదైనా ఆ హద్దుల్లో ఉండడమే క్షేమం.

గ్రూపులో చేరిన వెంటనే ఏమీ రాయకుండా, పైన పిన్ చేసి ఉంచిన నిబంధనలను, పాత చర్చలను కొన్ని వారాలపాటు చదవండి. వాట్సాప్ గ్రూపులో గరిష్ఠంగా 1,024 మందే ఉంటారు, రాసినది మర్నాటికి శుభోదయం బొమ్మల కింద పూడిపోతుంది. టెలిగ్రామ్‌లో రెండు లక్షల మంది దాకా చేరవచ్చు. అక్కడి బహిరంగ గ్రూపుల్లో కొత్తగా వచ్చినవారు కూడా పాత సందేశాలను వెతికి చదువుకోగలరు. అందువల్ల వివరమైన సమాధానాలను టెలిగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో రాసి, వాట్సాప్‌లో రెండు మూడు వాక్యాలతో సరిపెట్టడం మంచిది.

సమాధానం ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చూద్దాం. ‘మేం సరుకు కొన్న బిల్లు జీఎస్టీఆర్-2బిలో కనబడడం లేదండీ, క్రెడిట్ పోయినట్టేనా?’ అని ఒక గుమాస్తా అడుగుతాడు. 2బి అంటే అమ్మినవారు వేసిన రిటర్నుల నుంచి కొన్నవారికి ప్రతి నెలా తయారయ్యే పట్టిక; క్రెడిట్ అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తాము కట్టవలసిన పన్నులో తగ్గించుకోవడం. ‘ఇది మా మూడో పాఠంలో ఉంది’ అని లింకు ఇస్తే అతను మళ్లీ మీ వైపు చూడడు. నెలవారీ రిటర్ను వేసే వ్యాపారి తన అమ్మకాల వివరాలుండే జీఎస్టీఆర్-1ను మరుసటి నెల 11వ తేదీలోగా దాఖలు చేయాలనీ, 2బి 14న తయారవుతుందనీ, అమ్మినవారు ఆలస్యం చేస్తే ఆ బిల్లు తర్వాతి 2బిలోకి వస్తుందనీ ముందుగా చెప్పండి. అమ్మినవారు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతిలో ఉండి, మధ్య నెలల్లో 13వ తేదీలోగా బిల్లులు అప్‌లోడ్ చేయకపోతే, త్రైమాసికం ముగిసేదాకా వేచి ఉండక తప్పదని వివరించండి. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను వేసిన తేదీ, ఈ రెండింటిలో ఏది ముందైతే అదే క్రెడిట్ తీసుకోవడానికి గడువు అన్న మాట అతని కంగారును సగం తగ్గిస్తుంది. ఇంత చెప్పాక కోర్సు ఊసే ఎత్తనక్కర లేదు. మీ ప్రొఫైల్‌లో ఒక వాక్యం, ఒక లింకు ఉంటే చాలు.

ఎవరైనా ‘ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవచ్చండీ?’ అని అడిగినప్పుడు మాత్రం, కోర్సు మీదేనని మొదటే చెప్పి, ఫీజు ఎంతో, ఎవరికి పనికిరాదో కూడా చెప్పండి. మారుపేరుతో మరో ఖాతా తెరిచి మీ కోర్సును మీరే పొగుడుకోవడం, అడగనివారికి విడిగా సందేశాలు పంపడం పూర్తిగా మానుకోవాలి. అలాంటివి అడ్మిన్లు ఇట్టే పసిగడతారు, ఒక గ్రూపు అడ్మిన్‌కు తెలిసిన సంగతి పక్క గ్రూపు అడ్మిన్‌కు చేరడానికి పూట పట్టదు.

అడ్మిన్ అనుమతిస్తే ఆ గ్రూపు సభ్యులకే ఒక ఉచిత తరగతి పెట్టండి. కొట్లు కట్టేసి అందరూ ఇళ్లకు చేరాక, రాత్రి తొమ్మిది దాటిన వేళ దానికి అనువుగా ఉంటుంది. నెలవారీగా పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బి గడువైన 20వ తేదీకి ముందు రెండు మూడు రోజులు గుమాస్తాలకు ఊపిరాడదు; అప్పుడు ప్రశ్నలకు జవాబులే ఇవ్వండి, తరగతిని ఆ తర్వాతి వారానికి పెట్టుకోండి.

ఒక్కో గ్రూపుకు వేరే కూపన్ కోడ్ ఇస్తే ఎవరు ఎక్కడినుంచి వచ్చారో తెలుస్తుంది. అయితే చేరినవారి సంఖ్య ఒక్కటే చూసి గ్రూపును వదిలేయకండి. మంచి ప్రశ్నలు వచ్చే గ్రూపు, ఎవరూ చేరకపోయినా, తర్వాతి పాఠాలకు సరుకునిస్తుంది. చేరినవారిలో ఎవరైనా గ్రూపులోనే ఫిర్యాదు చేస్తే, జవాబు కూడా అక్కడే, అందరి ఎదుటే ఇచ్చి, పాఠాన్ని ఏ తేదీలోగా సరిచేస్తారో, లేదంటే ఫీజు ఎప్పుడు వాపసు చేస్తారో స్పష్టంగా రాయండి.