తంగేడు పెరట్లో ఎందుకు మొండికేస్తుంది?

మొరం గుట్టల మీద, రోడ్ల పక్కన ఎవరూ చుక్క నీళ్లు పోయకుండానే విరగబూసే తంగేడు ఇంటికి తెస్తే నీరసపడుతుంది. చాలాసార్లు అసలు కారణం మన అతి శ్రద్ధే.

గింజలు మొలవడం లేదు

గింజ పైపెంకు చాలా గట్టిది, నీటిని లోపలికి పోనివ్వదు. ముందు గింజల్ని చేతిలో వేసుకుని పరీక్షగా చూడండి. గుండ్రటి చిన్న చిల్లు ఉంటే లోపల పురుగు తినేసినట్టే, పారేయండి. మంచివాటిని గరుకు కాగితం మీద ఒక పక్క పైపొర అరిగేదాకా రుద్దండి. లేదంటే మరిగించి దించిన నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఉబ్బినవి విత్తుకోవచ్చు. ఉబ్బనివాటికి మళ్లీ అదే వైద్యం.

తవ్వి తెచ్చిన మొక్క వాడిపోయింది

పైకి జానెడే కనిపించినా తల్లివేరు అప్పటికే లోతుకు దిగి ఉంటుంది. గడ్డపారతో ఎంత జాగ్రత్తగా తవ్వినా అది తెగుతుంది, ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు. ఉండాల్సిన చోటే గింజ వేయడం అన్నిటికన్నా మేలు. కుదరకపోతే పొడవాటి కవర్లో పెంచి, మొక్క చిన్నగా ఉన్నప్పుడే, తొలకరిలో మట్టిగడ్డ చెదరకుండా నాటండి.

ఆకులు పండుబారి రాలుతున్నాయి

మట్టిలో వేలు గుచ్చండి. లోపల జిగటగా తడి తగిలితే నీళ్లు ఎక్కువయ్యాయి. పూర్తిగా ఆరాకే మళ్లీ పోయండి. కుండీ అయితే అడుగు చిల్లు మూసుకుపోయిందేమో చూడండి. నల్లరేగడి నేలలో మొరం, ఇసుక కలిపి దిబ్బలా ఎత్తు చేసి నాటాలి. వేర్లు నల్లబడి మెత్తగా ఊడివస్తుంటే మాత్రం ఆశ వదులుకుని కొత్త గింజ వేసుకోవడమే.

గుబురుగా పెరిగింది, పూత లేదు

మొదట ఎండ సంగతి చూడండి. గోడ నీడలో ఇది పూయదు. తర్వాత యూరియా, పేడ ఎరువు మానేయండి; బలం ఎక్కువైతే ఆకే వస్తుంది. మూడోది కత్తెర. పూత కొత్త కొమ్మల కొసల్లో వస్తుంది కాబట్టి కత్తిరింపులు వానలకు ముందే ముగించాలి. శ్రావణంలో అందంగా గుండ్రంగా కత్తిరించి, బతుకమ్మకు పూలేవని వెతికితే ఎలా? గింజ నుంచి వచ్చిన మొక్క మొదటి ఏడాది పూయకపోతే టెన్షన్ పడక్కర్లేదు.

ఆకులు పురుగులు తినేస్తున్నాయి

పచ్చటి గొంగళ్లయితే అవి సీతాకోకచిలుకలవి కావచ్చు. మందు కొట్టకండి, చెట్టు మళ్లీ చిగురిస్తుంది. మరీ లేత మొక్కయితే చేత్తో ఏరేస్తే చాలు.

పువ్వు తంగేడులా లేదు

నర్సరీలో వేరే పచ్చపూల మొక్క అంటగట్టి ఉండొచ్చు. ఆకు కాడ కొమ్మను కలిసేచోట చూడండి. అసలు తంగేడుకు అక్కడ చెవి తమ్మెలాంటి చిన్న గుండ్రటి ఆకుముక్కలు అంటుకుని ఉంటాయి. లేకపోతే ఆ మొక్కకు పైన చెప్పిన వైద్యాలు వర్తించకపోవచ్చు.