కడపలో ఉపాధి కార్యాలయం ద్వారా ఉద్యోగం వెతుక్కోవడం ఎలా?

డిగ్రీ చేతికి రాగానే ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని, ఎంప్లాయ్‌మెంట్ కార్డు తీయించి బీరువాలో దాచుకోవడం మన ఇళ్లలో పాత అలవాటు. అప్పట్లో దానికి అర్థం ఉండేది. ప్రభుత్వ శాఖలు ఆ కార్యాలయం నుంచి నమోదు సీనియారిటీ ప్రకారం పేర్ల జాబితా తెప్పించుకుని ఇంటర్వ్యూకు పిలిచేవి. అయితే 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ నియామకాల కేసులో సుప్రీంకోర్టు, ఆ జాబితాలోని వారితో సరిపెట్టకుండా పత్రికల్లో ప్రకటన ఇచ్చి దరఖాస్తు చేసిన అర్హులందరినీ పరిశీలించాలని చెప్పింది. కాబట్టి కార్డు ఉంది కదా అని సర్కారు కొలువు కోసం ఎదురుచూడకండి. ప్రైవేటు ఖాళీలు, జాబ్ మేళాలు, అప్రెంటిస్‌షిప్‌ల కబురు మీదాకా రావడానికి మాత్రం అది పనికొస్తుంది.

ముందు కాగితాలు సరిచూసుకోండి. ఆధార్, పదో తరగతి మొదలు చివరి చదువు వరకు మార్కుల జాబితాలు, కుల ధ్రువపత్రం, ఫొటో, వైకల్యం ఉంటే సదరం ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి. చాలామందికి చిక్కు వచ్చేది పేరు దగ్గరే. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. దీన్ని నమోదుకు ముందే సరిచేయించుకోవాలి. జిల్లాల సరిహద్దులు మారాయి కాబట్టి మీ మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసి ఆ జిల్లానే ఎంచుకోండి.

తర్వాత రెండు చోట్ల పేరు నమోదు చేసుకోండి. ఒకటి రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖ వెబ్‌సైట్. అక్కడ ఇబ్బంది ఎదురైతే జిల్లా ఉపాధి కార్యాలయానికి వెళ్లి అడగవచ్చు. రెండోది కేంద్ర కార్మిక శాఖ 2015లో మొదలుపెట్టిన ఎన్‌సీఎస్, అంటే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్. ఇందులో నమోదు ఉచితం. ఇంటర్నెట్ సెంటర్‌లో చేయిస్తే వాళ్ల నంబరు కాకుండా మీ ఫోను నంబరే ఇవ్వండి, పాస్‌వర్డ్ రాసి తెచ్చుకోండి. ఈ ఒక్క అజాగ్రత్త వల్ల పిలుపులు ఎవరి ఫోనుకో పోతాయి.

ఇక అసలు విషయం: ఏ పని కావాలి అనే గడి. 'ఏ పనైనా సరే' అనే ధోరణి వినయంగా అనిపించవచ్చు కానీ, అలా నింపిన దరఖాస్తు ఎవరి వెతుకులాటకూ చిక్కదు. జాతీయ వృత్తుల వర్గీకరణలో ప్రతి పనికీ ఒక కోడ్ ఉంది. 2015 నాటి వర్గీకరణలో అది ఎనిమిది అంకెలది. యజమాని 'ఫిట్టర్' అని వెతికితే ఫిట్టర్ అని ఉన్నవారే కనిపిస్తారు. ఐటీఐ ఫిట్టర్ చదివి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద ఏడాది పనిచేసి ఉంటే ఆ ట్రేడు, ఆ ఏడాది, ఏ యంత్రం మీద పనిచేశారో కూడా రాయండి. కుట్టుపని, టాలీ, భారీ వాహనాల లైసెన్సు వంటివి కూడా అర్హతలే.

జాబ్ మేళాకు వెళ్లేటప్పుడు బయోడేటా ప్రతులు కాస్త ఎక్కువే తీసుకెళ్లండి. మొహమాటపడకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కంపెనీ నేరుగా తీసుకుంటుందా, కాంట్రాక్టరు ద్వారానా? షిఫ్టు ఎన్ని గంటలు? వసతి, భోజనం ఎవరివి? చేతికి ఎంత వస్తుంది? చివరిది లెక్క వేసి చూడండి. నెలకు 16,000 జీతం, అందులో బేసిక్ 12,000 అనుకుందాం. బేసిక్‌పై 12 శాతం పీఎఫ్ (భవిష్య నిధి) 1,440, మొత్తం జీతంపై 0.75 శాతం ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) 120 పోతే మిగిలేది 14,440. శ్రీసిటీలోనో బెంగళూరులోనో గది అద్దె, తిండి అందులోనే. ఊళ్లో 11,000 ఇచ్చే పని ఉంటే అదే మేలు కావచ్చు. ఈ లెక్క వేయకుండా బస్సెక్కినవారే నెల తిరక్కుండా వెనక్కి వస్తుంటారు.

కార్డు మీద ఉన్న రెన్యువల్ గడువు మరచిపోవద్దు. కొత్త కోర్సు పూర్తయినా, ఫోను నంబరు మారినా వివరాలు మార్చుకోండి.

మన జిల్లాలో కువైట్ ఉద్యోగాల సంగతి చెప్పకుండా ఉండలేం. ఏజెంటుకు డబ్బు ఇచ్చేముందు కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. రసీదు ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి. ఉపాధి కార్యాలయం పేరు చెప్పి 'రిజిస్ట్రేషన్ ఫీజు' పంపమని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసమే. అలా డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.