కొత్త పార్టులు వేశాక కూడా ముందు చక్రాల దగ్గర చప్పుడా?

ఇంటి దగ్గరే కారుకి లోయర్ ఆర్ములు (చక్రాన్ని కింద ఫ్రేముకి కలిపి పట్టే ఇనుప చేతులు), షాక్ అబ్జార్బర్లు మార్చుకున్నాక బండి మునుపటికంటే ఎక్కువ చప్పుడు చేస్తే ముందుగా తిట్లు తినేది పార్టు అమ్మిన షాపువాడే. నేనూ తిట్టాను. ఒరిజినల్ కాకుండా బయటి బ్రాండు కొన్నాను కాబట్టి తేడా అందులోనే ఉందనుకున్నాను. తీరా చూస్తే తేడా నేను బిగించిన తీరులో ఉంది. అందుకే పార్టు వెనక్కి ఇచ్చేయడానికి బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

స్పీడ్ బ్రేకర్ దిగితే "దడ్", కొన్ని నెలలకే కొత్త బుష్ చిరుగు

రావులపాలెం దగ్గర హైవే మీద పోతుంటే ఏమీ తెలియదు. కాలవగట్టు రోడ్డెక్కి రెండు ఊళ్లు దాటేసరికి బయటపడుతుంది. నా బండికి ఇదే జరిగింది. మా ఊరి మెకానిక్ గారు వంగి టార్చి కొట్టి చూసి ఒక్క మాటే అడిగారు. "గాల్లో బిగించేసేరా అండీ?"

ఆర్ము ఫ్రేముకి పట్టే చోట ఉండేదే బుష్. అందులో లోపల చిన్న ఇనుప గొట్టం, బయట ఇంకో ఇనుప చుట్టు ఉంటాయి. మధ్య రబ్బరు రెండింటికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించాక లోపలి గొట్టం ఫ్రేముకి పట్టేసి కదలదు. ఆర్ము పైకీ కిందికీ ఊగుతుంటే మెలి తిరిగేది రబ్బరే. బండి జాకీ మీద ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతుంటుంది. అలా ఉండగా బిగించేస్తే రబ్బరుకి అదే మామూలు స్థితి అయిపోతుంది. బండి కిందికి దించగానే ఆర్ము పైకి వచ్చి రబ్బరు తడిగుడ్డ పిండినట్టు మెలిపడుతుంది. ఇంటి ముందు ఊరికే నిలబెట్టినా ఆ మెలి పోదు. పైన గుంతలు వేరే. ఇక చిరక్క ఏం చేస్తుంది?

చిరగకముందే పట్టుకుంటే ఖర్చు లేకుండా సరిపోతుంది. ఆర్ము ఫ్రేముకి పట్టే బోల్టులు వదులు చేయండి, పూర్తిగా తీయక్కర్లేదు. బండి బరువు చక్రాల మీద పడేలా ముందు చక్రాలు రెండూ గట్టి ర్యాంపుల మీదికి ఎక్కించి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి అడ్డు పెట్టండి. బానెట్ దగ్గర నాలుగుసార్లు కిందికి నొక్కి వదలండి, ఆర్ము దాని చోటికి అది వస్తుంది. అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో చూపే రెంచ్) బిగించండి. ఎంత టార్కు అన్నది మీ బండి సర్వీస్ మాన్యువల్లోనే చూడాలి, పక్కింటి వాళ్ల బండి లెక్క దీనికి పనికిరాదు. ర్యాంపులు లేకపోతే బండిని స్టాండ్ల మీదే ఉంచి, ఆర్ము చివర చక్రం వైపున్న గుండ్రటి కీలు, అదే బాల్ జాయింట్, దాని దగ్గర జాకీ పెట్టి, బాడీ స్టాండు మీంచి లేవబోతోంది అనిపించేదాకా ఎత్తి బిగించవచ్చు. బాల్ జాయింట్ నట్టుకి ఈ బాధ లేదు, అది గాల్లో బిగించినా ఫర్వాలేదు.

రబ్బరు బదులు పాలీ (పాలీయురేథేన్) బుష్‌లు వేసుకున్నవాళ్లకి కిర్రుమనే శబ్దం ఇంకో రకం. వాటికి సిలికాన్ గ్రీజే రాయాలి. ఇంట్లో ఉంది కదా అని మామూలు గ్రీజు రబ్బరు బుష్‌లకి పూయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

చిన్న గతుకులకే "కటకట"

పెద్ద గుంతలో రాకుండా చిన్న చిన్న గతుకుల్లో మాత్రం గల్లాపెట్టెలో చిల్లర ఊపినట్టు వస్తుంటే లింక్ రాడ్ (స్టెబిలైజర్ బార్ చివరని పట్టే చిన్న కడ్డీ) మీద అనుమానపడండి. నట్టు బిగిస్తుంటే దాని కాడ కూడా కలిసి తిరుగుతుంది. చేతికి గట్టిగానే అనిపిస్తుంది, నట్టు మాత్రం వదులుగానే ఉండిపోతుంది. కాడ చివరున్న కంతలో అలెన్ కీ పెట్టి పట్టుకుని నట్టు తిప్పాలి. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండగా బిగించండి. ఒకటి వేలాడుతుంటే రెండు వైపులనీ కలిపే స్టెబిలైజర్ బార్ మెలిపడి లింకు రంధ్రంలోకి కూర్చోదు, సుత్తి తీయాలనిపిస్తుంది.

లింకు గట్టిగానే ఉంటే బానెట్ ఎత్తి షాక్ పైన ఉన్న మౌంటు నట్లు చూడండి.

నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే "టుంగ్"

స్ప్రింగ్ చివర దాని గాడిలో కూర్చోకపోయినా, పైనున్న బేరింగు పాతదే వేసినా ఈ చప్పుడు వస్తుంది. ఒకరిని స్టీరింగ్ మెల్లగా తిప్పమని, మీరు స్ప్రింగ్ బయటి వైపు అరచెయ్యి ఆనించండి. వేళ్లు చుట్ల మధ్యకి పోనివ్వద్దు. తిరుగుతూ తిరుగుతూ ఆగి, ఒక్కసారిగా ఎగిరినట్టు చేతికి తగిలితే దొరికినట్టే.

దీనికి షాక్ విప్పక తప్పదు. స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని నొక్కి పట్టే పనిముట్టు) లేకుండా పై నట్టు ముట్టుకోవద్దు. నొక్కి ఉన్న స్ప్రింగ్ వదిలితే మొహం పగిలిపోతుంది. ఈ ఒక్క పనీ నేను ఇంట్లో చేయను, షాపుకి తీసుకెళ్లి చేయించుకుంటాను.

బోల్టు రాదు, జాకీ దిగిపోతుంది

ఇవి మన డెల్టా కష్టాలు. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండ్లకి ఉప్పుగాలి వల్ల బోల్టు బుష్ గొట్టంలోనే తుప్పు పట్టి ఇరుక్కుంటుంది. ముందురోజు సాయంత్రం ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి తుప్పు వదిలే ఆయిల్ కొట్టండి. తిరిగి వేసేటప్పుడు బోల్టు నున్నటి భాగానికి కొంచెం యాంటీ సీజ్ (ఇరుక్కోకుండా ఉంచే పేస్టు) రాయండి. మరల మీద మాత్రం వద్దు, టార్కు లెక్క తప్పుతుంది.

వానాకాలంలో మన పెరటి నేల ఒండ్రు మెత్తన. జాకీ కాలు కళ్లెదుటే మెల్లగా దిగుతుంది. మందపాటి తాటి పలక వేసినా అది పక్కకి ఒరగొచ్చు. సిమెంటు గచ్చు ఉన్నచోటే పని పెట్టుకోండి, జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరొద్దు.

బండి పక్కకి లాగడం, స్టీరింగ్ వంకర

ఇది తప్పు కిందికి రాదు, అలైన్‌మెంట్ చేయించాల్సిందే. షాక్‌ని నకిల్‌కి (చక్రం బిగించి ఉండే ఇనుప ముక్క) పట్టే రెండు బోల్టుల దగ్గర కొంచెం ఆట ఉంటుంది, కాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) అక్కడే మారుతుంది. విప్పే ముందు పెయింటుతో గీత పెట్టుకుంటే అలైన్‌మెంట్‌కి అమలాపురం దాకా నడుపుకెళ్లడానికి పనికొస్తుంది. చాక్‌పీసు గీత పెట్టకండి, ఆయిల్ కొట్టగానే పోతుంది. అలైన్‌మెంట్ అయ్యాక కూడా లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. లాగే వైపు మారితే తప్పు టైరుది.

ఏబీఎస్ లైటు వెలిగింది

సెన్సారు వైరు షాక్‌కున్న క్లిప్పులోకి ఎక్కించడం మర్చిపోయి ఉంటారు. బ్రేకు గొట్టం మెలిపడిందేమో కూడా అప్పుడే చూసుకోండి.