హాప్స్ ఘాటున్న అమెరికన్ బీరుకు మార్కులు వేయడం

హాప్స్ ఎక్కువగా వేసి చేసే అమెరికన్ ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) బీరును రుచి చూడబోయే ముందు డబ్బా మీద బీరు నింపిన తేదీని చూడాలి. హాప్స్ (బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే తీగ పూలు) పరిమళం త్వరగా సన్నగిల్లుతుంది కనుక, పాతబడిన డబ్బాకు వేసే మార్కులు తయారీదారుకు కాక గిడ్డంగికి వేసినట్లవుతాయి. మరీ చల్లటి బీరులో వాసన పైకి రాదు కాబట్టి 7 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ వద్ద, శుభ్రమైన తులిప్ గ్లాసులో సగం వరకే పోసుకోవాలి.

నురుగు అణగకముందే వాసన చూడాలి, ఎందుకంటే ఈ బీర్లలో అసలు విషయం చాలావరకు అక్కడే ఉంటుంది. 1972లో విడుదలైన కాస్కేడ్ అనే హాప్స్ రకం గ్రేప్‌ఫ్రూట్, పూల వాసనలను ఇస్తే, సిట్రాలో నిమ్మజాతి పండ్లతో పాటు మామిడి, లిచీ ఛాయలు, సిమ్‌కోలో పైన్ జిగురు వాసన తోస్తాయి. తడిసిన అట్ట వాసన వస్తే బీరుకు గాలి సోకిందని, స్కంక్ (దుర్వాసన చిమ్మే అమెరికా జంతువు) కంపు వస్తే వెలుతురు తగిలిందని గ్రహించాలి.

చేదు ఎంత ఉందన్నదాని కన్నా, అది మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ వంటి ధాన్యం) తీపితో పొసగిందా, మింగాక గొంతులో గరుకుగా మిగులుతోందా అన్నది ముఖ్యం. చేదును కొలిచే ఐబీయూ అంకెను చూసి ముందే తీర్పు ఇవ్వకూడదు.

బీరు న్యాయనిర్ణేతలకు ధ్రువీకరణ ఇచ్చే బీజేసీపీ సంస్థ మార్కుల పత్రంలోని 50 మార్కులలో వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటి స్పర్శకు 5, మొత్తం అభిప్రాయానికి 10 ఉంటాయి. మసకగా ఉండడం న్యూ ఇంగ్లండ్ ఐపీఏ లక్షణమే కనుక అందుకు మార్కులు కోయడం అన్యాయం.