అమ్మ ఒక్కతే సిరీస్ చూసుకునేలా టీవీ సర్దడం

మాది నరసన్నపేట. నాన్న పోయాక ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది, నేను విశాఖలో. రాత్రి భోజనమయ్యాక నిద్రపట్టేదాకా ఆ రెండు గంటలే ఆమెకి బరువు. అందుకే టీవీలో ఓటీటీ, అంటే నెట్ ద్వారా సినిమాలు, సిరీస్‌లు చూసే యాప్, పెట్టించాను. పెట్టడం అరగంట పని. నా సాయం లేకుండా ఆమె చూసుకునేలా చేయడానికి మూడు శనివారాలు పట్టింది.

డబ్బు కట్టకముందే భాష చూడండి. సిరీస్ వివరాల్లో ఆడియో భాషలుంటాయి, అక్కడ తెలుగు ఉండాలి. అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. కింద అక్షరాలు పడితే కూడబలుక్కునేలోగా మారిపోతాయి, డబ్బింగే కావాలి. నేను తొందరపడి ఒక యాప్‌కి ఏడాది ప్లాన్ కట్టేశాను. తీరా చూస్తే ఆమెకి నచ్చేవి తెలుగులో రెండే ఉన్నాయి. ఇప్పుడు నెల ప్లానే, అదీ ఒకసారికి ఒక్క యాపే. ఆటోపే, అంటే ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్టయ్యే ఏర్పాటు, పెడితే డబ్బు కోతకి 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది, చదవకుండా వదలకండి. వద్దనుకుంటే యాప్‌లో రద్దు చేసి, యూపీఐలో ఆటోపే కూడా తీసేయండి.

తర్వాత నెట్. మాది పాత పెంకుటిల్లు, గోడలు మూరెడు మందం. వైఫై డబ్బా వసారాలో, టీవీ నడిమింట్లో. "ఒలమ్మీ, ఆ గుండ్రం తిరగతానే ఉందే" అని రోజూ ఫోను. నెట్‌ఫ్లిక్స్ లెక్కలో ఫుల్ హెచ్‌డీ బొమ్మకి 5 ఎంబీపీఎస్ నెట్ వేగం చాలు, మా ప్లాను 40. అంటే లోపం లైనులో లేదు, గోడలో ఉంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగమైనదే గానీ గోడ దాటేసరికి నీరసపడిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌కి మారిస్తే కాస్త నయం. చివరికి పదిహేను మీటర్ల లాన్ వైరు (నెట్ వైరు) తెచ్చి, డబ్బా నుంచి దూలం వెంట లాగి, టీవీ వెనక గుచ్చాక ఆ గుండ్రం మళ్లీ కనబడలేదు. డబ్బా ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో పెట్టండి. లేదంటే కరెంటు రెప్పపాటు పోయినా నెట్ తిరిగొచ్చేదాకా కూర్చోవాలి.

అమ్మ పేరుతో వేరే ప్రొఫైల్ పెట్టండి. తను ఎక్కడ ఆపిందో అది వెతకకుండానే దొరుకుతుంది. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఏర్పాటు ఆపేయండి. ఆమె కునుకు తీస్తే మూడు భాగాలు నడిచిపోయేవి, మర్నాడు కథ ఎక్కడ వదిలిందో తెలిసేది కాదు.

ఇక రిమోట్. కావలసినవి నాలుగు బాణాలు కాక మూడే మీటలు: హోమ్, ఓకే, వెనక్కి. ఆ మూడింటి మీద ఎర్ర గోళ్లరంగు చుక్కలు పెట్టాను. ఓకే మీద మాత్రం ఆరనిచ్చి మళ్లీ మళ్లీ వేశాను, కళ్లజోడు లేకపోయినా వేలికి గరుగ్గా తగులుతుంది. నేర్పేటప్పుడు రిమోట్ మీరు తీసుకోకండి. ఆమె చేతిలోనే ఉంచి నోటితో చెప్పండి. "ఏటైనా పాడైపోతాదేటో" అన్నదే అమ్మ భయం. అందుకని మొదటి శనివారం సిరీస్ ఊసే ఎత్తలేదు. ఏవేవో తప్పులు నొక్కించి, వెనక్కి మీటతో ఆమె చేతే బయటికి రప్పించాను, విసుగొచ్చేదాకా.