ఫొటో పాఠాలు – 4: తెల్ల పత్తి, నల్ల బర్రె

పోయిన పాఠంలో కెమెరాలోకి వెలుతురు వచ్చే దారిని చెరువు తూముతో పోల్చి చెప్పుకున్నాం. ఎపర్చర్ అంటే తూము ఎంత వెడల్పు తెరిచాం, షట్టర్ అంటే ఎంతసేపు తెరిచి ఉంచాం. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే తూము అంత వెడల్పు. ఎఫ్/8 నుంచి ఎఫ్/5.6కు వస్తే లోపలికొచ్చే వెలుతురు రెట్టింపు. 1/250 సెకను నుంచి 1/500కు పోతే సగం. ఈ లెక్క ఇంకా చేతికి రాకపోతే ఇక్కడే ఆగి, ఆ పాఠం ఇంకోసారి చేసి రండి. ఇవాళ్టిదంతా ఆ రెట్టింపు, సగం మీదే నడుస్తుంది.

మా బడి నల్లగొండ దగ్గర. శనివారం మధ్యాహ్నం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఫొటో క్లాసు పెడతాను. ఒక పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా, ఇళ్ల నుంచి తెచ్చిన నాలుగైదు ఫోన్లు, అంతే మా సరంజామా. దసరా దాటాక బడి వెనక చేన్లో పత్తి ఏరుతుంటే రైతును అడిగి పిల్లల్ని అక్కడికే తీసుకుపోయాను. ఒకమ్మాయి పత్తి కుప్పను దగ్గరగా తీసి తెచ్చి చూపించింది.

“సార్, పత్తి తెల్లగ రాలేదు. బూడిద జల్లినట్టుంది.”

గట్టు మీది బర్రెను తీసిన పిల్లాడు పక్కనే నిలబడ్డాడు. “నాది ఉల్టా సార్. బర్రె నల్లగ లేదు, దుమ్ముల పొర్లినట్టొచ్చింది.”

ఎండ ఒకటే, కెమెరా ఒకటే, ఇద్దరూ ఆటో మోడ్‌లోనే, అంటే సెట్టింగులన్నీ కెమెరాకే వదిలేసి తీశారు. తప్పు పిల్లలది కాదు. కెమెరా లోపలి మీటరు పనిచేసే తీరే అంత.

మీటరుకు తెలిసేది ఒక్కటే: ఎదురుగా ఉన్నదాని మీద పడి తిరిగొచ్చిన వెలుతురు ఎంత అన్నది. తక్కువ వెలుతురు వస్తే, ఆ వస్తువు నల్లగా ఉన్నందుకు తక్కువొచ్చిందా, పొద్దుగూకినందుకు తక్కువొచ్చిందా అన్నది దానికి తెలియదు. అందుకని ఒక ఊహ పెట్టుకుంటుంది: నా ముందున్నదంతా కలిపి చూస్తే నడిమి బూడిద రంగు. పడిన వెలుతురులో సుమారు 18 శాతం వెనక్కి పంపే రంగన్నమాట. పత్తి అంతకన్నా చాలా ఎక్కువ పంపుతుంది. ‘అమ్మో, వెలుతురు ఎక్కువైంది’ అనుకుని మీటరు తూము బిగిస్తుంది, పత్తి మాసిపోతుంది. బర్రె చాలా తక్కువ పంపుతుంది. ‘చీకటిగా ఉంది’ అనుకుని తూము తెరుస్తుంది, బర్రె వెలిసిపోతుంది.

ఈ ఒక్క సంగతి అర్థమైతే ఆటోలో తీసిన ఫొటోలు సగం ఎందుకు చెడుతున్నాయో మీకే తెలుస్తుంది. తెల్ల చొక్కాల వరుస, రాత్రి బతుకమ్మ ఆట, గుడి లోపల, అన్నిటా జరిగేది ఇదే.

ఇక దిద్దుకోవడం. కెమెరా మీద ప్లస్–మైనస్ గుర్తున్న బటన్ ఒకటి ఉంటుంది. పీ మోడ్‌లో (ఎపర్చర్, షట్టర్ రెండూ కెమెరానే చూసుకుంటుంది) గానీ, ఎపర్చర్ మోడ్‌లో (ఎపర్చర్ మనం పెడతాం, షట్టర్ కెమెరా చూసుకుంటుంది) గానీ పెట్టి దాన్ని వాడండి. ప్లస్ 1 అంటే మీటరు చెప్పినదానికి రెట్టింపు వెలుతురు, మైనస్ 1 అంటే సగం. తెల్లదానికి ప్లస్, నల్లదానికి మైనస్. పిల్లలకు మొదట ఇది తలకిందులుగా అనిపిస్తుంది. పత్తి ముందే వెలుగుతోంది కదా, ఇంకా వెలుతురు పెంచుడేంది అంటారు. మీటరు అక్కర్లేకుండా కోసేసిన వెలుతురును తిరిగి ఇస్తున్నామని గుర్తుంచుకోండి, చాలు.

ఫోన్‌లోనైతే తీయాల్సిన చోట వేలితో కాసేపు నొక్కి పట్టండి. ఆ చోటి వెలుతురు లెక్క మారకుండా లాక్ పడ్డాక పక్కన సూర్యుడి గుర్తు కనిపిస్తుంది. చాలా ఫోన్లలో దాన్ని పైకి జరిపితే ప్లస్, కిందికి జరిపితే మైనస్. కొత్త ఫోన్లు ఈ దిద్దుబాటును కొంత తామే చేసుకుంటాయి. కాబట్టి సాధన చేసేటప్పుడు ఫ్రేమంతా పత్తితోనే నింపండి, తేడా బాగా తెలుస్తుంది.

ఎంత పెంచాలి? పగిలిన పత్తికాయను చేతిలోకి తీసుకుని చూడండి. తెలుపంతా ఒకే తెలుపు కాదు. పోగుల మధ్య సన్నటి నీడలుంటాయి, లోపల గింజ ఉబ్బు తెలుస్తుంటుంది, అంచున ఎండుటాకు నలక అంటుకుని ఉంటుంది. ఆ పోగులు ఫొటోలో కనబడినంత వరకూ పెంచండి. పోగులు కలిసిపోయి సున్నం ముద్దలా అయితే ఎక్కువైనట్టే. అలా తెల్లబడిపోయిన చోటును తర్వాత ఎంత తగ్గించినా పోగులు తిరిగి రావు. నాకు మాత్రం ఎండలోని పత్తికి చాలాసార్లు ప్లస్ 1 దగ్గరే సరిపోయింది.

తీయడం అయిపోగానే బటన్‌ను మళ్లీ సున్నాకు తేవాలి. నేనొకసారి మరిచిపోయి, జెండా పండుగ నాడు పిల్లల ఫొటోలన్నీ ప్లస్‌లోనే తీశాను. జెండాలో తెల్లపట్టీ, వెనక ఆకాశం ఒకటైపోయాయి. ఆ రోజు మళ్లీ రాదు కదా, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీటరును నమ్మకుండా తీసే పద్ధతి కూడా ఒకటుంది. మబ్బు లేని నిండు ఎండలో ఐఎస్‌ఓ (వచ్చిన వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100, ఎపర్చర్ ఎఫ్/16, షట్టర్ సుమారు 1/100. ఐఎస్‌ఓ 200 అయితే 1/200. వెనక్కొచ్చే వెలుతురును కాక పడే వెలుతురును బట్టి కట్టిన లెక్క ఇది. అందుకే ఇదే సెట్టింగుతో పత్తి తెల్లగానే వస్తుంది, బర్రె నల్లగానే వస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలంలో కెమెరాలో మీటరే లేదు. పడే వెలుతురును కంటితో చదివి గాజు పలకల మీద తీసేవారు. ఆ కన్ను మీక్కూడా రావాలని నా కోరిక.

చాలా ఫోన్లలో ఎపర్చర్ మారదు కాబట్టి వాటికి ఇంకో ఉపాయం. గట్టు మీది పచ్చగడ్డి ఇంచుమించు నడిమి బూడిదంత వెలుతురే వెనక్కి పంపుతుంది. పత్తి మీద పడే ఎండే పడుతున్న గడ్డి మీద నొక్కి లాక్ చేసి, ఆ తర్వాత ఫోన్‌ను పత్తి వైపు తిప్పి తీయండి.

ఇప్పుడు కష్టమైన చోటికి పోదాం. నల్లగొండ పక్కనే పానగల్లు, అక్కడ ఛాయా సోమేశ్వరాలయం. ఒకే మండపానికి మూడు గర్భగుళ్లున్న త్రికూటాలయం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభంలాంటి నీడ పగలంతా కదలకుండా నిలబడి ఉంటుంది. పొద్దు తిరిగినా నీడ తిరగదు. లోపలికి నేరుగా ఎండ రాదు. మండపం స్తంభాల సందుల్లోంచి చెదిరిన వెలుతురు రెండు పక్కల నుంచి వస్తుంది, ఆ రెండూ అందని నడిమి చోటు నీడగా మిగులుతుంది. కట్టినవాళ్లు వెలుతురును ఎంత బాగా చదివారో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

ఆ నీడను ఆటోలో తీస్తే పలచబడిపోతుంది. కారణం మీకిప్పుడు తెలుసు: గది చీకటిగా ఉంది, మీటరు తూము తెరిచేసింది. మైనస్ 1 పెట్టండి. ఎఫ్/16 లెక్క లోపల పనికిరాదు. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్‌ఓ 1600 దాకా పెంచి, షట్టర్ 1/30 సెకను కన్నా ఎక్కువసేపు తెరిచి ఉండకుండా చూసుకోండి. మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కండి. ఫ్లాష్ వేస్తే నీడే చెరిగిపోతుంది. తీసే ముందు పూజారిని అడగడం మరవొద్దు.

ఈ వారం పని: తెల్ల తువ్వాల, నల్ల గొడుగు, పచ్చగడ్డి. ఒక్కోదాన్ని ఫ్రేమ్ నిండా పెట్టి సున్నా, ప్లస్ 1, మైనస్ 1లో తీయండి. మొత్తం తొమ్మిది ఫొటోలు. ఏది కంటికి కనిపించినట్టు వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. అయిదో పాఠం పొద్దున ఆరున్నర ఎండలో మనిషి ముఖం మీద. ఇంట్లో నాయనమ్మనో అమ్మమ్మనో ముందే అడిగి ఒప్పించి పెట్టుకోండి.