వైశాఖ మాసపు ఎండల్లో గాలానికి చేప పడకపోతే: సమస్య - పరిష్కారం

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు కట్టేసి ఉండే ఈ రెండు నెలల్లో, గాలం సరదా ఉన్నవాళ్ళ చూపు తాటిపూడి, రైవాడ, మేఘాద్రి గెడ్డ లాంటి రిజర్వాయర్ల మీద పడుతుంది. సరిగ్గా అప్పుడే చేప మొండికేస్తుంది. పడకపోతే చాలామంది వెంటనే ఎర మారుస్తారు. వానపాము తీసి పిండి పెడతారు, పిండి తీసి రొయ్య పెడతారు. నన్నడిగితే ఈ కాలంలో ఎరను అన్నిటికంటే చివర అనుమానించాలి. ముందు నీటిని చూడాలి.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ మూడు రిజర్వాయర్ల నీళ్ళూ విశాఖ నగరానికి తాగడానికి వస్తాయి. రిజర్వాయర్లలో చేపల మీద హక్కు సాధారణంగా మత్స్యకార సహకార సంఘాలకు ఉంటుంది. సంఘం వాళ్ళనీ కాపలా మనిషినీ అడిగి, ఒప్పుకున్న చోటే కూర్చోండి. వద్దన్న చోట గాలం వేయకండి.

తెల్లారకముందే వెళ్ళినా బెండు (దారానికి కట్టి నీటి మీద తేలేది) కదలడం లేదు

కారణం: నీటిలో ప్రాణవాయువు తగ్గిపోవడం. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచగలదు. అదే 30 డిగ్రీలకు చేరితే ఏడున్నర దగ్గరే ఆగిపోతుంది. పైగా నాచు, నీటి మొక్కలు పగలు ఆక్సిజన్ వదులుతాయి కానీ రాత్రంతా అవీ పీల్చుకుంటాయి. అందుకే పచ్చగా ఉన్న నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉండేది సూర్యోదయానికి కాస్త ముందు. ఆ వేళ చేపకు మేత మీద ధ్యాస ఉండదు.

పరిష్కారం: నీరు తేటగా ఉంటే తెల్లవారుజామున వెళ్ళడం మంచిదే. పచ్చగా, చిక్కగా ఉంటే తొందరపడకండి. ఎండ నీటి మీద పడి గంట, గంటన్నర అయ్యాక మొదలుపెట్టి తొమ్మిదింటి దాకా చూడండి. మళ్ళీ సాయంత్రం ఎండ వాలాక కూర్చోండి. మధ్యాహ్నం చేపకూ మీకూ విశ్రాంతి.

చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, ఎర మాత్రం ముట్టవు

ఇది ఆకలి కాదు. ఊపిరాడక పైకొస్తున్నాయి. మబ్బు పట్టిన రోజు గడిచి మర్నాడు ఉదయం ఇలా ఎక్కువగా కనిపిస్తుంది. అప్పుడు తవుడు, వేరుశనగ చెక్క నీళ్ళలో చల్లితే అవి కుళ్ళి ఉన్న ఆక్సిజన్ కూడా తినేస్తాయి. గాలం తీసేసి, గాలి లేచే దాకా ఆగండి. చచ్చిన చేపలు తేలుతుంటే సంఘం వాళ్ళకు వెంటనే చెప్పండి. వాళ్ళ బతుకుతెరువు అందులోనే ఉంది.

నిరుడు పడిన చోటే కూర్చున్నా ఏమీ లేదు

ఇక్కడే ఎక్కువ మంది రోజంతా పోగొట్టుకుంటారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. వేసవిలో నీరు దిగిపోతుంది. వానాకాలంలో చేప మేసిన ఒడ్డు ఇప్పుడు బీటలు వారిన మట్టి. చేప పాత గెడ్డ దారిలోకి, అంటే రిజర్వాయర్ కట్టక ముందు వాగు పారిన లోతైన గాడిలోకి, జరిగి ఉంటుంది. ఆ గాడి పైనుంచి కనిపించదు. ఒడ్డున బయటపడిన వాగు ముఖం ఎటు వెళ్తోందో గమనించి, అదే వరస నీటిలోకి సాగినట్టు ఊహించుకోండి.

తర్వాత లోతు కొలవండి. కొక్కేనికి బెండు తేలనివ్వనంత బరువైన సీసం గుండు తగిలించి వేయండి. బెండు మునిగిపోతే లోతు మీరనుకున్న దానికంటే ఎక్కువ, బెండును దారం వెంట పైకి జరపండి. నీటి మీద అడ్డంగా పడుకుంటే లోతు తక్కువ, కిందికి జరపండి. బెండు కొస మాత్రమే పైకి కనిపించేలా నిలబడితే అదే అసలు లోతు. ఇలా నాలుగైదు చోట్ల చూస్తే, ఒక్కసారిగా లోతు పెరిగే అంచు దొరుకుతుంది. గాడి నడుమ కాదు, ఆ అంచు మీద వేయండి. ఎండ ముదిరాక చేప లోతుకు దిగడానికీ, చల్లబడ్డాక మేతకు పైకి రావడానికీ దారి అదే.

గుండు పైకి తీసినప్పుడు వాసన కూడా చూడండి. నల్లటి బురద అంటుకుని కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అడుగున ఆక్సిజన్ లేనట్టే. వేసవిలో వేడి నీరు పైన, బరువైన చల్లటి నీరు కింద పొరలుగా నిలిచిపోతాయి. కింది పొరకు గాలి తగలదు. అక్కడ ఎర ఎంత కమ్మగా ఉన్నా తినేవాళ్ళుండరు. అడుగు మేసే ఎర్రమోసు కోసమైనా అలాంటి చోటు వదిలి తక్కువ లోతుకు రండి. బొచ్చెకు నోరు పైకి తిరిగి ఉంటుంది, పై నీటిలోనే మేస్తుంది. దానికి ఎర అడుగున పెట్టడం చాలా వరకు దండగే. మూరెడు మూరెడు చొప్పున ఎర పైకి లేపుతూ చూడండి.

బెండు వణుకుతోంది, లాగితే కొక్కెం ఖాళీ

పరిగెలు, చిన్న తిలాపియాలు ఎర కొరుక్కుపోతున్నాయి. అవే కావాలంటే చిన్న కొక్కెం, వానపాము ముక్క చాలు. పెద్ద చేప కావాలంటే పిండిని గట్టిగా పిసికి నిమ్మకాయంత ముద్ద పెట్టండి. బెండు వణికినప్పుడు లాగకండి, పక్కకు జరిగి మునిగినప్పుడే లాగండి.

గాలికి బెండు కొట్టుకుపోతోంది

మన దగ్గర మే నెలలో పగలు ముదిరే కొద్దీ సముద్రపు గాలి జోరు పెరుగుతుంది. చాలామంది గాలి తగలని ఒడ్డుకు పారిపోతారు. అలలు వచ్చి కొట్టుకునే ఒడ్డే మేలు. గాలి నీటిని కలుపుతుంది, సన్నటి మేతను అటు తోస్తుంది. గాలం వేశాక కర్ర కొసను నీటిలో ముంచి రెండు చుట్లు చుడితే దారం మునిగి గాలికి చిక్కదు.

దారం తెగిపోతోంది

ఎండలో ఏళ్ళ తరబడి ఉన్న తంగూసు పెళుసుబారుతుంది. సీజన్‌కు ముందు కొత్తది చుట్టుకోండి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికే దారం బలం తగ్గుతుంది. రీలు డ్రాగ్ (దారం వదలడాన్ని అదుపు చేసే బిగింపు) మరీ బిగించకండి, బొచ్చె మొదటి పరుగుకు దారం వదలాలి. తెగిన తంగూసు ముక్కలు జేబులో పెట్టుకుని ఇంటికి తెండి. కొంగలు, నీటికాకుల కాళ్ళకు చుట్టుకుంటే అవి చచ్చిపోతాయి.

కొర్రమీను కొట్టి వదిలేస్తోంది

కప్ప ఎర మీద నీళ్ళు చిమ్మగానే లాగేయడమే కారణం. దారం బిగుసుకుని బరువు తెలిసే దాకా ఆగండి. కొర్రమీను పై గాలి కూడా పీల్చుకోగలదు కాబట్టి మిగతా చేపలు డీలా పడ్డ ఎండలోనూ తామర, గుర్రపుడెక్క అంచుల్లో దొరుకుతుంది. తొలకరి వానలు పడ్డాక నీటి పైన ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే మాత్రం అక్కడ గాలం వేయకండి. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటిని పట్టేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలవుతాయి.

సాయంత్రం వాన తర్వాత నీరు ఎర్రబడింది

కొత్త నీరు గెడ్డ నుంచి దిగే మూల చూసుకోండి. బురద నీటిలో చేప కంటితో కాక వాసనతో వెతుకుతుంది. ఘాటు వాసన ఉన్న ఎర అడుగున పెడితే జెల్ల, వాలుగ వస్తాయి. ఇంత చెప్పాక, ఎర మార్చడం నిజంగా పనికొచ్చేది ఇక్కడే. అయితే ఉరుము వినపడిన మరుక్షణం కర్ర కింద పెట్టి ఒడ్డు వదలండి. కార్బన్ రాడ్డు గుండా పిడుగు కరెంటు తేలిగ్గా పారుతుంది. ఎంత పెద్ద చేప తగిలి ఉన్నా సరే, దారం కోసేసి వెళ్ళిపోండి.

ఇంటికెళ్ళేసరికి చేప మెత్తబడింది

పాలిథిన్ సంచిలో ఎండలో పెట్టినందువల్ల. బయల్దేరేటప్పుడే చిన్న డబ్బాలో ఐస్ పెట్టుకోండి. పడిన వెంటనే మొప్పలు తీసి కడిగి ఐసులో పెట్టండి. వదిలేయాలనుకున్న చేపను ఒడ్డు మట్టి మీద పడేయకుండా తడి చేతులతో నీటిలోనే కొక్కెం తీయండి. వేసవి నీటిలో అది ముందే అలిసిపోయి ఉంటుంది, ఫొటో కోసం ఆపకండి.